ముఖ్య అతిథికి స్ట్రెచర్

నా జన్మకి ఒకే ఒక్కసారి ఒక పెద్దమనిషికి పూలదండ వేసి సన్మానం చేయబోయాను. ఆ దండ ఆయన మెడలో పడిన పది నిమిషాల్లో ఆయన భార్య గుండెలు బాదుకుంది, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి తలలు వంచారు, నా ఉద్యోగం గాలిలో దీపమైంది. దీనంతటికీ కారణం బాస్కెట్‌బాల్ అంటే మీరు నమ్మరు. నమ్మకపోయినా ఫరవాలేదు, చదవండి. పక్కవాడి తలవంపులకి నవ్వుకోవడానికి నమ్మకంతో పనేముంది?

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పోర్ట్ బ్లెయిర్‌లో, దీవుల మధ్య తిరిగే ఓడలకి టికెట్లిచ్చే ఆఫీసులో టెంపరరీ గుమాస్తాని. ఆ టెంపరరీ అన్న మాటని తేలిగ్గా తీసుకోకండి. నన్ను పర్మనెంటు చేయాలా, ఇంటికి పంపాలా అన్న ఫైలు మా సూపరింటెండెంటు సాబు బల్ల మీద ఆరు నెలలుగా పడుకుని ఉంది. పొద్దున్నే ఆఫీసుకి వెళ్లగానే ముందు ఆ ఫైలుకి దండం పెట్టుకుని, తర్వాత సాబుకి గుడ్ మార్నింగ్ చెప్పేవాణ్ణి. నాన్న పోయాక ఆస్టినాబాద్‌లో రెండు గదుల ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు, నేను ఆ జీతం మీదే బతుకుతున్నాం. బుద్ధి ఉన్నవాడైతే ఫైలు మీద సంతకం పడేదాకా నోరు కుట్టేసుకుని కూర్చుంటాడు. నాకు బాస్కెట్‌బాల్ పిచ్చి ఉంది, బుద్ధి లేదు.

సాయంత్రమైతే జంగ్లీఘాట్‌లో టీ కొట్టు ముందు బల్ల మీద మా సభ. ఎవరో ఓడలో తెచ్చి వదిలేసిన ఇంగ్లీషు ఆటల పత్రిక ఒకటి ఆ బల్ల దగ్గరే నా చేతికి చిక్కింది. అందులో పవర్ ఫార్వర్డ్ అన్న మాట మొదటిసారి చూశాను. రింగు కింద కొండలా నిలబడి, గురి తప్పి తిరిగొచ్చిన బంతిని అందరి నెత్తి మీంచి లాక్కుని, అడ్డొచ్చినవాణ్ణి వీపుతో నెట్టుకుంటూ పోయే ఆటగాడన్నమాట. ఏ కాలపు పవర్ ఫార్వర్డ్ గొప్పవాడని అమెరికావాళ్లు పేజీలకి పేజీలు కొట్టుకున్నారు. వాళ్లు కొట్టుకుంటుంటే మనమెందుకు ఊరుకోవాలి? మా దీవులకి మాత్రం పవర్ ఫార్వర్డులు లేరా?

నా లెక్క ప్రకారం ఆ సింహాసనం సింహాచలం తాతది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విశాఖ వైపు నుంచి ప్రభుత్వ కొలువు మీద వచ్చినవాడు. ఆరడుగుల మూడంగుళాలు. రిటైరయ్యాక ఉత్తరపు కొసన డిగ్లీపూర్ దగ్గర పొలం కొనుక్కుని వ్యవసాయం చేసుకుంటున్నాడు. ఆయన ఆట నేను ఒక్కనాడూ చూడలేదు. చూడకపోవడం వల్లే అంత గట్టిగా వాదించగలిగేవాణ్ణి.

నా ప్రాణమిత్రుడు నూకరాజు విక్టర్ పార్టీ. విక్టర్ మా కాలపు హీరో. పొద్దున చేపల రేవులో బోట్ల నుంచి బుట్టలు దింపేవాడు, సాయంత్రం అవే చేతులతో బంతులు దింపేవాడు.

"సింహాచలం తాత ఆడిన కోర్టు ఎలాంటిదో తెలుసా? ఉత్త మట్టి! బోర్డు పడౌక్ చెక్క. రింగు పీపాకి వేసే ఇనప పట్టీ. అలాంటి చోట ఆడి గెలిచాడు రా!" అని బల్ల గుద్దాను.

"ఎవుల మీద గెలిసాడు?" అన్నాడు నూకరాజు తాపీగా. "అప్పుడు ఆడినోళ్లే పదిమంది. అందులో ఆరుగురికి మలేరియా. మలేరియా రోగుల మద్దిన నిలబెడితే నానూ పవర్ ఫార్వర్డునే భయ్యా!"

"సిమెంటు కోర్టు మీద, కాన్వాసు బూట్లేసుకుని ఎగరడం ఓ గొప్పా?"

"మరి మీ తాత బూట్లు లేకండా ఎగిరీసినాడా?"

"కాళ్లకి గోనెపట్టా కట్టుకుని ఎగిరాడు!"

ఈ గోనెపట్టా సంగతి అప్పటికప్పుడు నేను పుట్టించిందే. వాదన వేడెక్కితే చరిత్ర దానంతటదే పుడుతుంది.

పక్కనే కూర్చుని ఉల్లిపాయ బజ్జీ తింటున్న విక్టర్ చేతులు జోడించాడు. "నన్నొగ్గీండి భయ్యా. రేపు తెల్లారకుండానే బోట్లొస్తాయి. ఆ తాతే గొప్పోడని రాసీసుకోండి, ముజే కోయీ దిక్కత్ నహీ, నాకేటీ బాధ నేదు."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని పెద్దలు ఊరికే అనలేదు. ఆ వేళ బల్ల మీద కత్తిపీటలం ఇద్దరం కూర్చున్నాం.

"ఒరే సుందర్రావూ, ఇలా కాదు గానీ, ఆదివారం మన టీముకి టోర్నమెంటు ఫైనలు కదా. మీ తాతని తీసుకొచ్చీ. ఇద్దర్నీ ఒకే రింగు కింద నిలబెడదాం. బంతి ఎవులు లాక్కుంటే ఆడే గొప్పోడు. పక్కా?" అన్నాడు నూకరాజు.

"పక్కా! ముఖ్య అతిథిగా పిలుస్తాను. దండేసి, బ్యాండు వాయించి మరీ తీసుకొస్తాను!"

అరవై దాటిన మనిషిని పాతికేళ్లవాడి పక్కన ఎగరమనడం న్యాయమా అన్న ప్రశ్న మాలో ఒక్కడికీ తట్టలేదు. ఎంత గట్టిగా అరిస్తే అంత తక్కువ తడుతుంది.

మర్నాడు ఆఫీసులో చూద్దును కదా, ఫైనల్‌కి ముందు డిగ్లీపూర్ నుంచి వచ్చే ఓడ ఒక్కటే, అదీ నిండిపోయింది. పెళ్లిళ్ల రోజులు. డెక్కు మీద నిలబడే చోటు కూడా లేదు. ఉన్నవల్లా రోగుల బెర్తులు. మా దీవుల్లో అదొక ధర్మం. ఉత్తరాన జబ్బు చేస్తే పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రే దిక్కు, రోడ్డు అప్పటికింకా పూర్తి కాలేదు. అందుకని ప్రతి ఓడలోనూ నాలుగు బెర్తులు జబ్బుమనుషుల కోసం అట్టేపెట్టేవారు. వాటిని మంత్రిగారు అడిగినా ఇవ్వరు. ఈసారి నాలుగింట్లో మూడు ఖాళీగా ఉన్నాయి.

నాలోని గుమాస్తా "వద్దురా" అన్నాడు. నాలోని అభిమాని "ఖాళీగా పోయే బెర్తే కదరా, ఎవడి ముల్లె పోయింది?" అన్నాడు. గుమాస్తా టెంపరరీ, అభిమాని పర్మనెంటు. అభిమానే గెలిచాడు. డిగ్లీపూర్‌కి వైర్‌లెస్‌లో పంపే జాబితాలో నా చేతులతో నేనే రాశాను: "సింహాచలం, పేషెంట్. అటెండెంట్ ఒకరు."

తాత కంగారు పడకుండా అసలు సంగతి వివరిస్తూ ఓ ఉత్తరం కూడా పోస్టు చేశాను. చూశారా నా ముందుచూపు! ఆ ముందుచూపుకి తట్టనిది ఒక్కటే. ఆ ఉత్తరం వెళ్లేది కూడా అదే ఓడలో. ఓడ అక్కడికి చేరి, తాతని ఎక్కించుకుని వెనక్కి తిరిగాక గానీ పోస్టుమాస్టరు సంచీ విప్పడు. అంటే తాతకి ముందుగా అందేది వైర్‌లెస్ కబురొక్కటే: గవర్నమెంటు నిన్ను ఆసుపత్రికి రమ్మంది, ఓడెక్కు అని. ఓడల ఆఫీసులో ఉండి ఈ మాత్రం తెలియలేదా అంటారా? పడవ నడిపేవాడికి ఈత రాకపోవడం మా దగ్గర మామూలే.

ఇంకోటి కూడా తెలియలేదు. రోగుల జాబితా నకలు ఒకటి ఆసుపత్రికి కూడా వెళ్తుంది.

శనివారం పొద్దున ఫీనిక్స్ బే జెట్టీకి మేళతాళాలతో దిగాం. నా చేతిలో చేతి లావున బంతిపూల దండ. వెనక జెర్సీలతో మా టీము, ముందు మా తెలుగు చర్చి కుర్రాళ్ల బ్యాండు. పాపం, వాళ్లకి బాగా వచ్చింది ఒకే ఒక్క కీర్తన, అదీ చాలా నెమ్మదైనది. ఫరవాలేదు, వాయించండర్రా అన్నాను. మా పక్కనే ఒక అంబులెన్సు నిలబడి ఉంది. ఎవరికో బాగాలేదు కాబోలు, దేవుడు చల్లగా చూడాలి అని మనస్ఫూర్తిగా ప్రార్థించాను కూడా.

ఓడ కట్టేశారు. తాత దిగాడు. విన్నదానికంటే పొడుగే ఉన్నాడు. ఒక చేయి భార్య నరసమ్మ మామ్మ భుజం మీద ఉంది. దిగుతూనే జెట్టీ మీద ఓడ తాళ్లు కట్టే ఇనప దిమ్మ వైపు తిరిగి వంగి నమస్కారం పెట్టాడు.

"చూశావా? మొదటి అడుగుకే నేలకి మొక్కాడు! అదీ ఆ కాలపు సంస్కారం!" అని నూకరాజు డొక్కలో పొడిచాను.

నేను దండ పట్టుకుని ముందుకి ఉరికాను. అవతలి నుంచి ఇద్దరు ఆసుపత్రి వార్డుబాయ్‌లు స్ట్రెచర్ పట్టుకుని ఉరికారు. "పేషెంట్ సింహాచలం కౌన్ హై?"

"నానే బాబూ. కానీ నాకు రోగం నేదు," అన్నాడు తాత.

"సబ్ యహీ బోల్తే హై బాబా, లేట్ జావో," అంటూ, రోగులంతా చెప్పే మాటే ఇది అన్నట్టు, వాళ్లు రెండు చేతులా పట్టుకుని ఆయన్ని పడుకోబెట్టేశారు. ఆరడుగుల మూడంగుళాల మనిషి ఆ స్ట్రెచర్‌కి ఎలా సరిపోతాడు? మోకాళ్ల కింద నుంచి కాళ్లు రెండూ బయటే వేలాడాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చేతిలో దండ ఉంది, ఎదురుగా మెడ ఉంది. వేసేశాను.

బ్యాండు కుర్రాళ్లతో దండ పడగానే మొదలెట్టమని నేనే చెప్పి ఉంచాను. మొదలెట్టారు.

ఇప్పుడు మీరు రోడ్డు మీంచి చూడండి. స్ట్రెచర్ మీద కదలకుండా ఒక ముసలాయన, ఛాతీ నిండా పూలు, ముందు నెమ్మదిగా డ్రమ్ములు, వెనక తలలు వంచుకుని వరసగా కుర్రాళ్లు. జీపు ఒకటి పక్కకి తీసి ఆపారు. సైకిలు మీద వచ్చే మాస్టారు దిగి నిలబడ్డాడు. చేపల బుట్టలతో వెళ్తున్న ఆడవాళ్లు బుట్టలు దించి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయ్యవారిని చేయబోతే కోతి అయిందంటారు. నేను ముఖ్య అతిథిని చేయబోతే శవయాత్ర అయింది.

నరసమ్మ మామ్మ గుండెలు బాదుకుంటోంది. "ఓలమ్మో! పోయిన నెల క్యాంపుకొచ్చిన డాక్టరు రొమ్ము మీద గొట్టమెట్టి 'ఊఁ' అన్నప్పుడే నాను అనుకున్నాను! ఏటి రోగం దాసినావయ్యా నా కాడ? నాకు సెప్పకండా గవర్నమెంటుకి సెప్పుకున్నావా!"

"ఓసే, నాను సావలేదే! నోరుముయ్యి! ఈ పూలేటి? ఈ డప్పులేటి?" అని స్ట్రెచర్ మీంచి తాత అరుపు.

చనిపోయినవాడు అరిచేసరికి చేపల ఆడవాళ్లు బుట్టలొదిలేసి పరుగు పెట్టారు.

ఆసుపత్రిలో మంచం మీద కూర్చోబెట్టి, నోట్లో థర్మామీటరు పెట్టి నర్సు అటు వెళ్లగానే నేను తాత మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాను.

"తాతా, మీకే జబ్బూ లేదు. బెర్తు కోసం నేనే పేషెంటని రాశాను. మీరూ మా విక్టరూ ఎవరు గొప్పో తేల్చుకోవాలని... సాబుకి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారు."

తాత థర్మామీటరు తీసి చేతిలో పట్టుకున్నాడు. "బంతాట కోసమా? ఎప్పుడో గెంతిన గెంతుల కోసం నన్ను పాడెక్కించినావా బాబూ?" అన్నాడు. కోపమో నవ్వో తెలియలేదు. ఎటో నా చెవి పక్కగా చూస్తూ అన్నాడు.

అంతలో గుమ్మంలో మా సూపరింటెండెంటు సాబు ప్రత్యక్షమయ్యాడు. జెట్టీ మీద బతికున్న రోగికి బ్యాండు మేళం పెట్టిన వైనం ఆయన చెవిన పడకుండా ఉంటుందా? చంకలో ఒక ఫైలు. దాని అట్ట రంగు చూసి గుర్తుపట్టాను. ఆరు నెలలు దండం పెట్టిన ఫైలు కదా.

"సుందర్రావ్, యే క్యా తమాషా హై? ఈ పేషెంట్‌ని జాబితాలో రాసింది ఎవరు?"

"నేనే సార్."

"డాక్టర్ కీ పర్చీ కహా హై?"

డాక్టరు చీటీ ఎక్కడుంటుంది? గోడకి ఆనుకుని నూకరాజు, విక్టర్, టీము మొత్తం, కళ్లు తుడుచుకుంటూ మామ్మ. సాబు నన్ను వదిలి మంచం వైపు తిరిగాడు. "బాబా, సచ్ బోలియే. ఆప్కో తక్లీఫ్ క్యా హై?"

జబ్బేమిటన్న ఆ ప్రశ్నకి ఆయన "ఏమీ లేదు" అంటే చాలు. నిజం చెబితే చాలు. నా నెత్తిన పిడుగు పడుతుంది, పడాల్సిందే కూడా. తాత పొడుగాటి వేళ్లు దండలో పూలని తడుముతున్నాయి.

"ఆంఖ్, సాబ్," అన్నాడు. "దిఖ్తా నహీ." కళ్లు కనపడవట!

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆహా, ఏం అబద్ధం! ఇటు చూసి అటు దూకే పవర్ ఫార్వర్డ్ ఎత్తు అంటే ఇదీ! నూకరాజు వైపు చూసి కన్ను కొట్టాను కూడా.

డాక్టరమ్మ వచ్చింది. టార్చి వేసి ఒక కన్ను చూసింది. రెండో కన్ను చూసింది. మళ్లీ మొదటి కన్ను చూసింది. "బాబా, దోనో ఆంఖోమే మోతియాబింద్. రెండు కళ్లకీ శుక్లాలు ముదిరిపోయాయి. ఇన్నాళ్లు ఎలా తిరిగారు మీరు?"

నేను కొట్టిన కన్ను అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ల నించయ్యా?" అంది మామ్మ చిన్న గొంతుతో.

"మూడేళ్లు."

"మరి పొలం దున్నుతున్నావు కదయ్యా!"

"నాను దున్నేనా? ఎద్దులు దున్నేయి. నాను ఎనకాల నడిసేను." తాత తల దించుకున్నాడు. "రింగు కింద సింహాచలం కళ్లు ఎనక్కి కూడా సూస్తాయని సెప్పుకున్నారే ఊళ్లో జనం. ఆ సింహాచలం గుడ్డోడైపోనాడని ఏ మొకంతో సెప్పేది? ఇయ్యాల ఈ బాబు బువ్వ పోద్దంటే సెప్పీసినాను."

అది అబద్ధం కాదు. మూడేళ్లు పెళ్లాం దగ్గర కూడా దాచుకున్న నిజం. తన ఆట చూడనైనా చూడని ఒక వాగుడుకాయ ఉద్యోగం కోసం, తనని దేవుణ్ణి చేసుకున్న కుర్రాళ్ల ఎదుటే ఆ మనిషి దాన్ని విప్పి పెట్టాడు. జెట్టీ మీద ఇనప దిమ్మకి ఎందుకు మొక్కాడో అప్పుడు అర్థమైంది. ఎవరో పెద్దమనిషి నిలబడ్డాడనుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. నాకంటే ముందు విక్టర్ ఏడుస్తున్నాడు.

సాబు నన్ను వరండాలోకి పిలిచాడు. "నువ్వు అబద్ధం రాశావని నాకు తెలుసు. నీ అదృష్టం బాగుండి అది నిజమై కూర్చుంది. ఇంకోసారి పర్చీ లేకుండా పేరు రాశావో, నీ పేరే ఓడెక్కిస్తాను, ఒన్ వే!" అని, కిటికీ గట్టు మీద ఫైలు పెట్టి సంతకం చేశాడు. ఆయన కాళ్లకి మొక్కబోతే "లోపల మొక్కు, అక్కడ" అని గది వైపు చూపించాడు.

ఇవాళ నేను తింటున్న పింఛను మెతుకులు, నా ఇద్దరు చెల్లెళ్ల చదువులు, అన్నీ తాత చెప్పిన ఆ ఒక్క మాట చలవే. ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరదు.

ఆదివారం ఫైనల్లో మేం ఓడిపోయాం. ఎవరూ పట్టించుకోలేదు. తాతకి ఒక కన్ను తర్వాత ఒకటి ఆపరేషన్ చేశారు. ఆ రెండు నెలలూ ఆయనా మామ్మా ఆస్టినాబాద్‌లో మా ఇంట్లోనే ఉన్నారు. రోజూ విక్టర్ రేవు నుంచి తాత కోసం ఏరి మరీ చేప తెచ్చేవాడు, మామ్మ పులుసు పెట్టేది, మా అమ్మ నేర్చుకునేది. కళ్లకి గంతలతోనే కూర్చుని తాత విక్టర్‌కి అడుగులు చెప్పేవాడు: బంతి చప్పుడు బట్టి అది ఎటు తిరిగొస్తుందో, ఏ కాలు ముందు వేయాలో.

సోడాబుడ్డి కళ్లద్దాలు వచ్చిన మర్నాడు సాయంత్రం తాతని కోర్టుకి తీసుకెళ్లి కుర్చీ వేసి కూర్చోబెట్టాం. విక్టర్ ఆడాడు. తాత కన్నార్పకుండా చూశాడు. ఆట అయ్యాక నూకరాజు ఆగలేకపోయాడు.

"ఇప్పుడు సెప్పు తాతా. నువ్వు గొప్పోడివా, ఈడు గొప్పోడా?"

"ఈణ్ణి ఇయ్యాల సూసినాను. నన్ను నాను ఎప్పుడు సూసుకున్నాను? ఎలా సెప్పేది బాబూ?" అని విక్టర్ తల నిమిరాడు. "ఈడు బాగా ఆడతన్నాడు. నాకది సాలు."

దీవుల్లో మూడు నెలలు నడిచిన వాదన అక్కడితో ముగిసింది. నేనైనా అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. ఆ సాయంత్రం నేను కూడా ఆడాను మరి. దగ్గరికి వెళ్లి, చెమట తుడుచుకుంటూ, వినయంగా అడిగాను.

"తాతా, మరి నా ఆట?"

తాత నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. కళ్లద్దాలు తీశాడు. కండువాతో శుభ్రంగా తుడిచాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ మూడేళ్లూ హాయిగా ఉన్నాను బాబూ," అన్నాడు.

కాబట్టి సముద్రం సాక్షిగా, పింఛను కాగితాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. రెండు కాలాల పవర్ ఫార్వర్డులని ఒక రింగు కిందకి లాగను. లేచి నడవగలిగే మనిషిని పేషెంటని రాయను. ఎవరికైనా దండ వేయాల్సి వస్తే, ముందు ఆయన నిలబడి ఉన్నాడో పడుకుని ఉన్నాడో చూసి మరీ వేస్తాను. అన్నిటికంటే ముఖ్యం, కంటి ఆపరేషన్ అయినవాళ్ల ముందు ఈ జన్మలో బంతి పట్టుకోను.